ఫోరేజ్ క్యాప్ కుట్టబోయే అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధం నాటి యూనియన్ (ఉత్తరాది పక్షం) సిపాయి వేషం కోసం ఫోరేజ్ క్యాప్ అనే మెత్తని టోపీని నీ చేత్తో కుట్టుకుంటానన్నావు, చాలా సంతోషం. కత్తెర పట్టేముందు నీది ఏ రెజిమెంటో, ఏ సంవత్సరమో తేల్చుకో. ఐరన్ బ్రిగేడ్ అనే యూనియన్ దళం వాళ్లకు పేరు తెచ్చింది ఎత్తైన నల్ల హార్డీ టోపీ. వాళ్ల వేషమైతే ఈ టోపీ పనికిరాదు.

1858లో వచ్చిన ఈ ఫోరేజ్ క్యాప్‌కి ముదురు నీలం ఉన్ని బట్ట కావాలి. బాగా దట్టించిన ఉన్ని అయితే అంచులు పోగులు రావు, మడతపెట్టి కుట్టే పని తప్పుతుంది. సింథటిక్ ఫెల్ట్ కొనకు, ఎండలో మెరుస్తుంది, ఒంపు తిరగదు. కత్తిరించేముందు ఆవిరి ఇస్త్రీ పెట్టు. లేకపోతే మొదటి వానకే టోపీ బిగుసుకుపోతుంది.

ఇక కొలతలు. నుదుటి మీదుగా తల చుట్టుకొలత తీసి, లైనింగ్, చెమట పట్టీల మందానికి అరంగుళం కలుపు. తల 22½ అయితే టోపీ అడుగు 23 అంగుళాలు, కుట్టు మార్జిన్ దీనికి అదనం. పైన బిళ్ల వ్యాసం 5 అంగుళాలు అనుకుంటే దాని చుట్టుకొలత 15.7 మాత్రమే. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. తిన్నని పట్టీ కత్తిరించి, మిగిలిన ఏడంగుళాల పైచిలుకు బట్టను కుచ్చు పెట్టి బిళ్లకు కుట్టేస్తారు. ఈ టోపీకి కుచ్చు ఉండకూడదు. ముక్కనే పైకి పోనుపోను సన్నబడేలా, ముందు ఎత్తు సుమారు 4, వెనక 6 అంగుళాలు వచ్చేలా వంపుగా కత్తిరించు. ఆ రెండంగుళాల తేడా వల్లే బిళ్ల ముందుకు వాలుతుంది. ముందు పాత దుప్పటి ముక్కతో ఒకటి కుట్టి తలమీద పెట్టి చూసుకో, ఉన్ని ఖరీదైనది.

గట్టిదనం కోసం పక్కలకు బక్రమ్ (గంజి పెట్టిన గట్టి బట్ట) వేయకు. నిటారుగా నిలబడితే అది ఫోరేజ్ క్యాప్ కాదు. అట్ట ఒక్క బిళ్లకే. అది కుట్టు గీతకన్నా చుట్టూ ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లోపలికే ఉండాలి. అంచుదాకా ఉంటే పైపింగ్ (బిళ్ల అంచున కుట్టే సన్నని గొట్టంలాంటి పట్టీ) సరిగా కూర్చోదు, ఉన్ని అక్కడే అరిగి చిరుగుతుంది. తడికి మెత్తబడకుండా అట్టకు రెండు వైపులా లక్క పాలిష్ పూయి.

అందరినీ ఏడిపించేది ముందున్న తోలు వైజర్, అంటే కళ్లకు నీడనిచ్చే అంచు. టోపీకీ వైజర్‌కీ నడిమధ్యన సుద్దతో గుర్తు పెట్టు. ఆరెతో (తోలుకు రంధ్రాలు పొడిచే మొనతో) ముందే రంధ్రాలు పొడిచి, మైనం పూసిన దారంతో మధ్యనుంచి మొదలుపెట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి కుట్టుకుంటూ పో. ఒక చివరనుంచి మొదలుపెడితే ఉన్ని సాగి, వైజర్ ఒక చెవివైపు జరుగుతుంది. అంగుళానికి ఏడెనిమిది రంధ్రాలు చాలు. ఎక్కువైతే తపాలా బిళ్లల షీటులా ఆ గీత వెంబడి చిరిగిపోతుంది. లోపలి పొడవు కుట్లు మిషన్ మీద వేసుకో, 1860ల నాటికే మిషన్లున్నాయి. ఆ తర్వాత లోపల తోలు చెమట పట్టీ, చివరికి ఇత్తడి బకిల్ ఉన్న గడ్డం పట్టీ, దాని రెండు చివర్లా గద్ద గుర్తు చిన్న గుండీలు.

గుర్తుల విషయంలో అత్యాశ పడకు. ఇన్‌ఫాంట్రీకి (కాల్బలానికి) ఇత్తడి బూర, కంపెనీ అక్షరం, రెజిమెంట్ నంబరు ఉండేవి. చాలామంది వాటిని బిళ్ల మీదే పెట్టుకున్నారు, ఏమీ పెట్టుకోనివాళ్లూ ఎందరో. 1861 బుల్ రన్ యుద్ధం నాటి వేషానికి కోర్ బ్యాడ్జి కుట్టకు. కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సైనిక విభాగం, ఆ బ్యాడ్జి దాని గుర్తు. యూనియన్ వాళ్ల పొటోమాక్ సైన్యంలో దాని సేనాపతి హుకర్ వాటిని ప్రవేశపెట్టింది 1863 మార్చిలో. 1863 జులైలో జరిగిన గెటిస్‌బర్గ్ యుద్ధం వేషమైతే ఉండాల్సిందే. ఒకటో కోర్‌కి వృత్తం, ఐదో కోర్‌కి మాల్టీస్ సిలువ. మొదటి డివిజన్‌కి ఎరుపు, రెండోదానికి తెలుపు, మూడోదానికి నీలం.

దుప్పటి నమూనా అయ్యాక పక్కనుంచి ఒకటి, బిళ్ల దగ్గర లోపలి కుట్టుది ఒకటి ఫోటో తీసి పంపు. ఎక్కడైనా ముడత కనబడితే ఉన్ని కత్తిరించకముందే సరిచేద్దాం.

పెదనాన్న