20 పడకల నర్సింగ్ హోమ్: ఆసుపత్రుల సంఘంలో ఏ కేటగిరీ కింద చేరాలి?

డాక్టర్ గారూ, ఉప్పల్‌లో ఇద్దరు భాగస్వాములు కలిసి 20 పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాం, ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్, డాక్టర్ల సంఘం) లైఫ్ మెంబర్‌షిప్ ఉంది, ఆసుపత్రుల సంఘంలో మళ్లీ విడిగా చేరాలా, అసోసియేట్‌గా చేరితే చవకలో పోదా అని అడిగారు. నేను కొత్తపేటలో ఓ ఆసుపత్రి అడ్మినిస్ట్రేషన్ చూస్తాను. మా సంఘంలో దరఖాస్తులు పరిశీలించే కమిటీలోనూ ఉన్నాను కాబట్టి అక్కడ చూసింది చెబుతాను.

విడిగానే చేరాలి. ఐఎంఏ సభ్యత్వం మీ ఎంబీబీఎస్‌ని, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ని చూసి ఇచ్చింది, అది మనిషిది. సంఘంలో సభ్యత్వం ఆసుపత్రిది. ఐఎంఏ కూడా ఆసుపత్రుల వ్యవహారాలకు వేరే బోర్డు పెట్టుకుంది.

ఇక కేటగిరీ. మేం ముందు చూసేది జిల్లా వైద్యాధికారి ఆఫీసు నుంచి వచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టే. దాని మీద ఎవరి పేరుంది, ఎన్ని పడకలు, గడువు ఎప్పటిదాకా. ఫీజు పడకల లెక్కన ఉంటుంది కనుక తగ్గించి రాసేవాళ్లకు కొదవ లేదు. ఓసారి ఒక ఫైలు వచ్చింది. రిజిస్ట్రేషన్‌లో 30 పడకలు, ఆసుపత్రి వ్యర్థాల కోసం పొల్యూషన్ బోర్డు ఇచ్చే ఆథరైజేషన్‌లో 20, మాకిచ్చిన ఫారంలో 15. కమిటీలో పెద్దాయన ఒకాయన మూడు కాగితాలూ పక్కపక్కన పరిచి, "ఇంతకీ వీటిలో ఏ ఆసుపత్రికి సభ్యత్వం కావాలంట?" అన్నారు. ఫైలు వెనక్కి వెళ్లింది. సంఘంతో పోతే పర్లేదు, 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ కింద తనిఖీకొచ్చినవాళ్లూ అదే అంకె అడుగుతారు. ముందు మీ కాగితాలన్నిటిలో పడకల అంకె ఒకటే ఉండేలా చూసుకోండి.

ఇంకోటి, ఉప్పల్ అంటే మనకు హైదరాబాదే గానీ కాగితం మీద మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. జిల్లా శాఖలున్న సంఘమైతే అక్కడే ఇవ్వాలి.

అసోసియేట్ అనేది మా దగ్గర డయాగ్నస్టిక్ సెంటర్లకు, సప్లయర్లకు. ఓటు లేదు, పోటీ చేయడానికి లేదు. పడకలున్న ఆసుపత్రికి అది దండగని నా అభిప్రాయం. ఆరోగ్యశ్రీ బకాయిల మీద ఎవరిని కలవాలి, ఇన్సూరెన్స్ కంపెనీలతో ప్యాకేజీ రేట్లు ఎలా మాట్లాడాలి, వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లు పడకకింత అని వేసే రేటుకి ఒప్పుకోవాలా వద్దా, ఇవన్నీ ఓటున్నవాళ్లు తేలుస్తారు. చిన్న నర్సింగ్ హోమ్‌లవాళ్లు వెనక వరసలో కూర్చుని భోంచేసి వెళ్లిపోతే, ముందు వరస కార్పొరేట్లు తమకు కావలసింది అజెండాలో పెట్టుకుంటారు. ఫుల్ మెంబర్‌షిప్ తీసుకోండి.

మీరిద్దరైనా ఓటు ఒకటే. పార్ట్‌నర్‌షిప్ డీడ్ కాపీతో పాటు ఓటు వేసే నామినీ ఎవరో రాసి ఇద్దరూ సంతకం పెట్టిన ఆథరైజేషన్ లెటర్ ఇవ్వండి, నామినీ మారితే అప్పుడే రాసివ్వండి. లేకపోతే ఎన్నికల రోజు ఇద్దరూ వచ్చి నేనంటే నేనని నిలబడతారు, ఆ పంచాయితీ మా నెత్తిన పడుతుంది.

ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) మా సంఘం అడగదు. సంస్థకు లైఫ్ మెంబర్‌షిప్ ఇస్తామంటే మాత్రం, రేపు ఆసుపత్రి చేతులు మారితే అది ఏమవుతుందో బైలాస్‌లో (సంఘం నియమావళిలో) చదివాకే డబ్బు కట్టండి. బైలాస్ కాపీ ఇవ్వడానికి నసిగే సంఘమైతే నేనసలు చేరను.

సర్జికల్స్ సప్లయ్ చేసే మీ బావమరిదిని కూడా మీ ఫారంలోనే చేర్చొచ్చా అన్నారు. కుదరదు. ఆయన తన ఫర్మ్ పేరు మీద అసోసియేట్‌గా వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.