ఫిన్లాండ్ ఉప్పు బిళ్ళ మనకి అలవాటవుతుందా?

చదువుకోవడానికి ఫిన్లాండ్ వెళ్తున్నానని, అక్కడి సల్మియాక్కి అనే నల్లటి ఉప్పు బిళ్ళ మనవాళ్ళు తినగలరా అని మీరు అడిగారు. తినగలరు. నాకు ఒక చలికాలం పట్టింది.

అక్కడి తాంపెరే నగరంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, నవంబరులో, కాఫీ గదిలో మా టీమ్ పెద్దావిడ చిన్న అట్టపెట్టె నా ముందుకు జరిపారు. లోపల నల్లటి బిళ్ళలు, డైమండు ఆకారంలో, వేలిగోరంత. చాక్లెట్ అనుకుని కొరికేశాను. ముందు ఉప్పు, ఆ వెంటనే నాలుక చురుక్కుమనే ఘాటు, అది నేరుగా ముక్కులోకి ఎక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నవ్వలేదు. "కొరక్కు, బుగ్గన పెట్టుకో" అన్నారు. కాసేపటికి ఉప్పు తగ్గి, అడుగున తీపి తగిలింది. ఆ తీపి నాకు తెలుసు. దగ్గొస్తే అమ్మమ్మ నమలమని ఇచ్చే అతిమధురం వేరుముక్కది! లికొరైస్ అంటే అదే.

ఘాటు సంగతి మాత్రం నాన్న వచ్చాకే తేలింది. బిళ్ళ నోట్లో వేసుకోగానే "నవాసాగరం రా ఇది, కళాయి వాసన" అన్నారు. కళాయి వేసేటప్పుడు ఇత్తడి గిన్నెని నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం రుద్దుతుంటే తెల్లటి పొగ లేచేది కదా, ఆ వాసన. సల్మియాక్కిలో వేసేదీ అదే, అమ్మోనియం క్లోరైడ్. దగ్గు మందుగా ఫార్మసీల్లో అమ్మిన సరుకు. ఇప్పటికీ ఒక రకం పేరు 'అప్తేకిన్ సల్మియాక్కి', అంటే మందుల షాపు సల్మియాక్కి.

నాకు ఒళ్ళు మండేది ఒకటుంది. కొత్తగా దిగిన మనవాళ్ళ నోట్లో ఇది పెట్టి, మొహం వికారంగా పెడితే రీల్స్ తీస్తారు. ఇంకొకరి ఇంటి తిండిని అలా చూపిస్తారా? కాకరకాయ గానీ, ఉగాది పచ్చడిలో వేపపువ్వు గానీ మొదటిసారే ఎవరికి నచ్చింది? పెద్దవాళ్ళు పక్కన కూర్చుని తినిపిస్తేనే నోటికి పట్టింది. అక్కడి పిల్లలకీ అంతే. వాళ్ళ నాలుకే వేరనేది ఒట్టిమాట. సల్మియాక్కిని వాళ్ళు ఐస్‌క్రీములో, వోడ్కాలో కూడా వేసుకుంటారు.

మీరు ముందు తీపి లికొరైస్‌తో మొదలుపెట్టండి. లోపల ఘాటు పొడి ఉండే టిర్కిస్క్ పెబర్ అనే బిళ్ళల జోలికి మొదట్లోనే వెళ్ళకండి. బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు జాగ్రత్త, అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. నాన్నకి బీపీ ఉంది కాబట్టి ఆ ఒక్కటి తప్ప ఇంకోటి ఇవ్వలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక పెట్టె అడిగి తీసుకున్నారు, మా వీధిలో కళాయి వేసిన తాత కొడుక్కి చూపిస్తానని.