సమాధానం: పాత బుడ్డల మిషన్ ఒక పక్క పప్పు నలిపేస్తుంటే

అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలిచే చేతి మిషన్ ఎడమ పక్క పప్పును బద్దలు చేస్తోంది, కుడి పక్క కాయలు పగలకుండా మిగులుతున్నాయి అన్నావు. జల్లెడ మార్చమని చాలామంది చెప్తారు. తొందరపడి డబ్బులు పెట్టొద్దు. రెండు పక్కలా రెండు రకాలుగా ఉందంటే జల్లెడ కంటే ముందు ఇరుసును అనుమానించాలి.

హ్యాండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడు. ఎడమ పక్క టకటకమంటే అక్కడ బుష్ (ఇరుసు తిరిగే గొట్టం లాంటి ముక్క) అరిగి, రుద్దే పళ్లు జల్లెడ మీదికి దిగాయన్నమాట. అనంతపురంలో మేం కొన్న పాత మిషన్‌కీ ఇదే రోగం. లేత్ షాపులో కొత్త బుష్ వేయించాక సగం తిప్పలు పోయాయి.

తర్వాత పళ్లకీ జల్లెడకీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా పెట్టు. మొదట వదులుగా పెట్టి, రెండు దోసిళ్ల కాయలు వేసి ఆడించు. కాయలు మిగిలితే సందు సర్దే బోల్టు పావు చుట్టు బిగించు. మళ్లీ ఆడించు. పప్పు చీలడం మొదలైతే కొంచెం వెనక్కి తిప్పు.

అప్పుడు కూడా పగలని కాయలు కిందికి జారుతుంటే జల్లెడ కన్నం పెద్దదని అర్థం. కదిరి-6 అనే వేరుశనగ రకానికి సరిపోయిన జల్లెడ వేరే రకానికి సరిపోవాలని లేదు.

ఇంకోటి, కాయ మరీ గలగలా ఎండితే ఏ మిషనైనా పప్పు చీలుస్తుంది. ముందురోజు సాయంత్రం కాస్త నీళ్లు చిలకరించి గోనెపట్ట కప్పు. విత్తనానికైతే పప్పు చీలకుండా చూసుకోవడం మరీ ముఖ్యం, బద్ద మొలవదు కదా!