రంగం మీద డిసర్టేషన్: చాప్టర్ తిప్పి పంపితే

రంగం అంటే బోనాల మర్నాడు ఒకామె అమ్మవారి పేరున భవిష్యవాణి చెప్పే ఆచారం. దాని మీద రాసిన చాప్టర్‌ను "ఇది భక్తి వ్యాసంలా ఉంది" అని మీ గైడ్ తిప్పి పంపారంటే, చిక్కు మీ రీసెర్చ్ ప్రశ్నలోనే ఉంది. "రంగంలో నిజంగా అమ్మవారే పలుకుతుందా?" అన్నదానికి సోషియాలజీ అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

1. ప్రశ్న మార్చండి. లష్కర్ (సికింద్రాబాద్) బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి చెప్పే ఆమె మాటకు అంత బలం ఎక్కడిది? ఆమెను ఎవరు ప్రశ్నలు అడుగుతారు? టీవీ కెమెరాలు ఏం మార్చాయి?

2. చాలామంది వదిలేసేది ఇదే. ఫీల్డ్ నోట్స్ పేజీని మూడు గళ్లు చేయండి: మీరు చూసింది, వాళ్లు చెప్పింది, మీకు అనిపించింది.
"అమ్మవారికి కోపం వచ్చింది" అని మీ వాక్యంగా రాయకూడదు. "అమ్మవారికి కోపం వచ్చిందని క్యూలో ఒకామె అంది" అంటే అది డేటా.
1813 నాటి కలరా వల్లే ఈ గుడి, బోనాలు మొదలయ్యాయనే కథ కూడా రెండో గడిలోకే, ఆర్కైవ్స్‌లో ఆధారం దొరికేదాకా.
"మూఢనమ్మకం" అని రాసినా అదే తప్పు. హేతువాద స్టూడెంట్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు.

3. థియరీ ఒక్కటి చాలు. సామూహిక ఉద్వేగం మీదైతే ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ డర్క్‌హైమ్ (1912 నాటి పుస్తకం). కులం, ఆచారాల మార్పు అయితే మన దేశపు సోషియాలజిస్ట్ ఎం.ఎన్. శ్రీనివాస్ (1952 నాటి పుస్తకం). మార్క్స్‌నీ వెబర్‌నీ కూడా కలిపి కిచిడీ చేయకండి.

4. మీరు భక్తులైతే మెథడాలజీలో రెండు వాక్యాల్లో చెప్పేయండి. దాచక్కర్లేదు.

ముందు రెండోది చేసి, పాత చాప్టర్‌నే దిద్దండి. కొత్తగా రాయాల్సింది తక్కువే ఉంటుంది.