సంక్రాంతికి ఊరెళ్తే మళ్లీ సిగరెట్ పట్టకుండా ఉండటం ఎలా?

ప్రశ్న: రోజుకు 12 సిగరెట్లు కాల్చేవాణ్ని, మానేసి మూడు వారాలైంది. రెండు వారాలు నికోటిన్ గమ్ నమిలి, బాగానే ఉంది కదా అని ఆపేశాను. పండక్కి రాత్రి బస్సులో హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా ఊరెళ్తున్నాను. బావలు, బావమరుదులు, చిన్ననాటి స్నేహితులు అందరూ కాల్చేవాళ్లే. ఆ నాలుగు రోజులు ఎలా గట్టెక్కాలి?

జవాబు: బస్సెక్కే ముందే గమ్ మళ్లీ మొదలుపెట్టండి. రెండు వారాలకే ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. దాని పూర్తి వాడకం 12 వారాలు: మొదటి ఆరు వారాలు గంట రెండు గంటలకొకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. మీరింకా మొదటి దశలోనే ఉన్నారు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో మామూలుగానే ఇస్తారు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటు ఉండేదంటే 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టర్ చీటీ తీసుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఏది వాడాలన్నా ముందు డాక్టర్‌ని అడగాలి. ఊళ్లో దొరుకుతుందిలే అనుకోవద్దు, పండగ రోజుల్లో షాపులు తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు. ఐదు రోజులకు సరిపడా, రోజుకు పది లెక్కన, ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.

నమిలే తీరు తెలియక "గమ్ పనిచెయ్యలేదు" అనేవాళ్లే ఎక్కువ. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ అంతా ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది, ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం తప్ప ఫలితం ఉండదు. అది ఎక్కాల్సింది బుగ్గ లోపలి చర్మం గుండా. నెమ్మదిగా నమలండి. మిరియం కొరికినట్టు ఘాటో, చిగుళ్ల దగ్గర చిమచిమో తెలియగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య దాచండి. నిమిషం తర్వాత ఘాటు తగ్గుతుంది. మళ్లీ నాలుగుసార్లు నమిలి ఈసారి రెండో బుగ్గన పెట్టండి. ఇలా అరగంట. దానికి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్, పళ్లరసం ముట్టకూడదు. వాటి పులుపు వల్ల నోట్లో నికోటిన్ సరిగ్గా ఎక్కదు. మంచినీళ్లు పర్వాలేదు.

ఇంకో సంగతి. సిగరెట్‌లా గమ్ క్షణాల్లో పనిచెయ్యదు, అందుకోడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. కాబట్టి కోరిక పుట్టాక వెతుక్కోవడం కాదు, పుట్టే చోటుకి చేరకముందే నోట్లో వేసుకోవాలి.

ఎందుకు చోటు అంటున్నానంటే, ఒంట్లోని నికోటిన్ మీరు గమ్ ఆపిన రెండు మూడు రోజుల్లోనే పోయింది. ఇప్పుడు మిమ్మల్ని లాగేది ఎక్కువగా వేళలు, మనుషులు, స్థలాలు. ఆఫీసు కింద టీ కొట్టును మూడు వారాలుగా దాటుకుంటూ అలవాటు పడ్డారు. ఊళ్లో కాలవ గట్టుకి, పశువుల కొట్టం వెనక సందుకి, మోటారు షెడ్డుకి మాత్రం మీరింకా పాత మనిషే. పెద్దవాళ్ల కంట పడకుండా కాల్చిన చోట్లన్నీ అవే కదా! ఆ మర్యాదనే ఇప్పుడు వాడుకోండి. నాన్నగారి దగ్గరో మేనమామ దగ్గరో అరుగు మీద కూర్చుంటే ఎవరూ పెట్టె తీయరు. "రారా, అలా వెళ్లొద్దాం" అని సైగ చేసినప్పుడు లేవకపోతే చాలు. ఒక్కో కోరిక ఐదు నిమిషాల లోపే తగ్గుముఖం పడుతుంది.

బస్సు సంగతి. అర్ధరాత్రి దాటాక హాల్టులో ఆపుతారు. సగం మంది దిగేది దమ్ము కోసమే, బడ్డీ కొట్లో లూజు సిగరెట్లు ఎదురుగానే ఉంటాయి. ఆపడానికి ఇరవై నిమిషాల ముందు గమ్ వేసుకుంటే అక్కడ టీ తాగకూడదు. టీ తాగాలనుకుంటే గమ్ ఉండకూడదు. రెండూ కుదరవు, ముందే తేల్చుకోండి. నన్నడిగితే ఆ రాత్రి టీ మానెయ్యమంటాను. ఒంటేలుకు వెళ్లొచ్చి మళ్లీ సీట్లో కూర్చోండి.

టీ గురించి ఇంకో కారణం కూడా ఉంది. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ని తొందరగా కరిగించేలా చేస్తాయి. సిగరెట్ మానేసిన కొద్దిరోజులకే ఆ వేగం పడిపోతుంది. అవే నాలుగు కప్పులు తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు. వీటిని సిగరెట్ కోరికే అనుకుని మళ్లీ వెలిగించేస్తారు. పండగ పూట గడప తొక్కిన ప్రతి ఇంట్లోనూ టీ ఇస్తారు. రోజుకు రెండు దాటకండి, మిగతా చోట్ల మజ్జిగ అడగండి. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక జబ్బుకి క్లోజపిన్ వాడుతున్నవాళ్లకు మందు మోతాదు కూడా ఇలాగే మారిపోతుంది. మానేసిన సంగతి వాళ్లు డాక్టర్‌కి చెప్పి తీరాలి.

భోగి తెల్లవారుజాము కష్టం. రాత్రంతా నికోటిన్ లేని ఒళ్లు, చలి, మంట, చుట్టూ మనుషులు. చేతులు కట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు మంటలోంచి పుల్ల తీసి వెలిగించి, రెండోది మీ చేతిలో పెడతారు. కాబట్టి పని మీదేసుకోండి. దుంగలు సర్దడం, పిల్లల చేత పిడకల దండ వేయించడం, స్నానానికి నీళ్లు కాగబెట్టడం. లేవగానే ఒక గమ్ వేసుకుని, అయ్యాకే టీ తాగండి.

చేతికీ నోటికీ ఏదో ఒకటి కావాలి, అది నిజమే. ఈ కాలంలో మీ వైపు తేగలు దొరుకుతాయి. కాల్చిన తేగని తొక్క ఒలిచి, నిలువునా చీల్చి, పీచు లాగుతూ నెమ్మదిగా తింటే పది నిమిషాలు రెండు చేతులకూ పని. చెరుకు ముక్కా అంతే. అరిసెలు, పోకుండలతో ఆ పని పెట్టుకోవద్దు, రెండే రెండు కొరుకుల్లో అయిపోతాయి, మానేసినవాళ్లకు బరువు ఎలాగూ కాస్త పెరుగుతుంది. జేబులో లవంగాలు, సోంపు ఉంచుకోండి. మానేసిన కొత్తలో మలబద్ధకం మామూలే, నీళ్లు బాగా తాగండి.

మందు విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. ఈ పండక్కి తాగకండి. నెలలు మానేసినవాళ్లు కూడా జారిపోయేది ఎక్కువగా గ్లాసు పక్కనే. రెండో పెగ్గుకి "ఒక్కటే కదా" అని నోరే చెప్తుంది. "మానేశా" అన్నారో పందెం కాసి మరీ మీ నోట్లో పెట్టే బావ ఒకడుంటాడు. "మందులు వాడుతున్నా, డాక్టర్ రెండూ వద్దన్నారు" అనండి, ఎవరూ వాదించరు. గమ్ కూడా మందే కాబట్టి మొదటి ముక్క అబద్ధం కాదు, రెండోది కూడా నిజం కావాలంటే డాక్టర్‌నే అడిగి వెళ్లండి. ఒక్క మనిషికి మాత్రం, అక్కకో భార్యకో, అసలు సంగతి చెప్పి పెట్టుకోండి. మీరు కనుసైగ చేస్తే ఏదో పనుందని పిలిచేయాలి.

కోడి పందేలు చట్టానికి విరుద్ధం, ఆ మాట అలా ఉంచినా ఈ ఏడు బరి దగ్గరకు పోకపోవడమే మేలు. గంటల తరబడి నిలబడటం, ఉత్కంఠ, చుట్టూ పొగ, నాలుగడుగులకో కొట్టు. పేకాట చాప కూడా అంతే.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీరూ కదలరు. మాంసం, గారెలతో భోజనం అయ్యాక చెయ్యి కడుక్కుంటూనే ఒళ్లు సిగరెట్ అడుగుతుంది. అక్కడే బ్రష్ తీసుకుని పళ్లు తోముకోండి. పేస్టు రుచి నోట్లో ఉంటే కోరిక కాస్త తగ్గుతుంది. కిళ్లీ ఇస్తే ఒద్దనండి. అందులో జర్దా వేస్తుంటారు, జర్దా అంటే పొగాకే, నికోటిన్ నేరుగా ఎక్కుతుంది. ఖైనీ, చుట్ట కూడా అంతే, "సిగరెట్ కాదుగా" అనే లెక్క చెల్లదు.

ఒకవేళ ఒకటి కాల్చేస్తే? మిగతాది నలిపి పారేయండి, గమ్ ఆపకండి. "ఎలాగూ పోయింది, పండగ అయ్యాక చూద్దాం" అనే మాటే అసలు ప్రమాదం. ఆ ఒక్కటీ మూడు రోజుల్లో పెట్టె అయ్యేది ఆ మాట వల్లే. ఎక్కడ, ఎవరితో, ఏ వేళకి జారారో ఫోన్‌లో రాసుకుని, మర్నాడు ఆ వేళకి ఇంకో చోట ఉండండి.

తిరుగు బస్సుకీ గమ్ మిగుల్చుకోండి. అక్కడిదాకా నిగ్రహంగా ఉండి, హైదరాబాద్‌లో దిగిన పొద్దున, ఆఫీసు మొదటి టీ దగ్గర వెలిగించినవాళ్లు తక్కువేం కాదు. మరీ తట్టుకోలేకపోతే పొగాకు మాన్పించే జాతీయ ఉచిత ఫోన్ సేవ 1800-11-2356, తెలుగులోనూ మాట్లాడతారు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, సోమవారం సెలవు. నంబరు ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి.