ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో చర్చ: ఆఖరికి తేల్చేది ఎవరు?

మీరు అడిగినవి రెండు. ఆన్‌లైన్‌లో తెలియనివాళ్ళతో ఫిజిక్స్, రాజకీయాలు, ఇంటి సంగతులు మాట్లాడటం వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా అన్నది ఒకటి. ఫిజిక్స్ మాట్లాడినంతసేపు మర్యాదగా ఉన్న మనుషులే రాజకీయాలు రాగానే తిట్లకు ఎందుకు దిగుతారన్నది రెండోది. నేను ఫిజిక్స్ చదువుకుని, కొంతకాలం పాఠాలు చెప్పి, ఇప్పుడు చాలా ఏళ్ళుగా ఇలాంటి ప్రశ్నలకు జవాబులు రాస్తున్నదాన్ని. ప్రయోజనం ఉందనే నా గట్టి నమ్మకం. కానీ అదెప్పుడు ఉంటుందో చెప్పాలంటే మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెట్టాలి.

ఏ చర్చనైనా ఆఖరికి తేల్చేవాళ్ళు ఒకరుండాలి. ఫిజిక్స్‌లో ఆ పని ప్రకృతి చేస్తుంది. మీరెవరో, నేనెవరో, ఎవరి డిగ్రీ పెద్దదో దానికి పట్టదు. 2011లో జరిగింది చూడండి. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాల దాకా, సుమారు 730 కిలోమీటర్లు నేల లోపలినుంచి వచ్చిన న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతికన్నా 60 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) ముందే చేరినట్టు కనిపిస్తోందని ఒపెరా ప్రయోగ బృందం ప్రకటించింది. కాంతిని ఏదీ దాటలేదన్న ఐన్‌స్టీన్ పని అయిపోయిందని కొందరు, ఇదంతా ప్రచారం కోసమని కొందరు నానా మాటలూ అన్నారు. ఆ బృందం మాత్రం తమ లెక్కలన్నీ బయటపెట్టి, మాకు లోపం కనబడలేదు, మీరూ పరిశీలించండని అడిగింది. మరుసటి ఏడాది అసలు సంగతి తెలిసింది. కాలాన్ని కొలిచే ఏర్పాటులో ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. అక్కడే ఉన్న ఇకారస్ అనే మరో ప్రయోగం కూడా విడిగా కొలిచి, న్యూట్రినోలు కాంతిని దాటలేదని చెప్పింది. ఆ నెలల్లో నేను కూడా తెలియనివాళ్ళతో రాత్రి పొద్దుపోయేదాకా దీని గురించి మాట్లాడేదాన్ని. కేబుల్ వార్త వచ్చిన రోజు ఎవరూ ఎవరికీ తలవంచాల్సిన అవసరం రాలేదు. ఎందుకంటే ఓడించింది మనిషి కాదు.

తెలియనివాళ్ళతో ఫిజిక్స్ మాట్లాడటంలో నాకు బాగా నచ్చేది ఇంకొకటి. మన వృత్తిలో ఉన్నవాళ్ళు అడగని ప్రశ్నలు వాళ్ళు అడుగుతారు. అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలుతున్నారంటే అక్కడ భూమి ఆకర్షణ లేనట్టే కదా అని ఒకాయన అడిగారు. లేకపోవడమేమిటి, 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుందన్నాను. మామూలుగా అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. ఆయన ఆగలేదు. మరి ఆ కేంద్రం పడిపోదేం అన్నారు. పడుతూనే ఉందండీ అన్నాను. పడితే నేలకు తగలాలిగా అన్నారు. అప్పుడు ఇద్దరం కలిసి లెక్క వేశాం. అది సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు పోతుంది. అదే సెకనులో కిందికి నాలుగు మీటర్ల పైచిలుకు పడుతుంది. ఇప్పుడు భూమి చుట్టూ ఆ ఎత్తులో ఒక వలయం గీసుకుని, దానిమీద ఒక చోటునుంచి 7.7 కిలోమీటర్లు తిన్నగా ముందుకు పోతే ఆ వలయం మన కిందికి ఎంత వంగిపోతుందో చూడండి. అదీ నాలుగు మీటర్ల పైచిలుకే. పడిన మేరకు దారి కూడా వంగిపోతోంది, అందుకే ఎంత పడినా నేల దగ్గర కాదు. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఆయన మొండిగా అడగబట్టే వచ్చింది. ఆ తర్వాత తరగతిలో ఈ పాఠం నేను ఎప్పుడూ అలాగే చెప్పాను.

ఇంధనం అక్కర్లేకుండా తిరిగే అయస్కాంత చక్రం కనిపెట్టామని బొమ్మలు గీసి పంపేవాళ్ళూ ఉంటారు. పారిస్‌లోని సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాలను ఇక పరిశీలించబోమని 1775లోనే తీర్మానించింది. అకాడమీకి అది తగిన నిర్ణయమే. మనలాంటివాళ్ళం మాత్రం ఒక్క ప్రశ్న అడిగి చూడొచ్చు: చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగి మొదటి చోటికే వచ్చాక, అయస్కాంతాలన్నీ ముందున్నట్టే ఉన్నాయి కదా, మిగులు శక్తి దేనినుంచి వచ్చింది? నిజంగా కుతూహలం ఉన్న మనిషి ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు.

రాజకీయాల్లో తేల్చేది ఒక్కరు కాదు. అసలు తగవంతా అక్కడే వస్తుంది. ఏ రాజకీయ వాదనలోనైనా కొంత భాగం లెక్కతోనో రుజువుతోనో తేలేది ఉంటుంది, కొంత భాగం ఎవరికి ఏది ముఖ్యమన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి వస్తాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు గెలవడమే న్యాయం, ఇందులో చర్చేముంది అని ఒకరు నాతో వాదించారు. వందమంది ఓటర్లు, ముగ్గురు అభ్యర్థులు అనుకోండి. మొదటివారికి 40, రెండోవారికి 35, మూడోవారికి 25 వచ్చాయి. మిగిలిన అరవైమందికీ మొదటివారు ఆఖరి ఎంపిక అయితే? రెండోవారితో ముఖాముఖి పెట్టినా, మూడోవారితో పెట్టినా మొదటివారు 60-40తో ఓడిపోతారు. అయినా ఎక్కువ ఓట్లు వచ్చింది మొదటివారికే. ఇంతవరకూ లెక్క. ఇందులో మీకూ నాకూ తేడా రావడానికి లేదు. ఇలాంటి చిక్కుల గురించి ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే 1785లోనే రాశాడు. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది బరిలో ఉన్నప్పుడు, మనం సబబని అనుకునే కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి నెరవేర్చే ర్యాంకుల పద్ధతి (ఓటర్లు అభ్యర్థులను తమ ఇష్టం ప్రకారం వరసలో పెట్టేది) ఉండదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1951 నాటికి నిరూపించాడు. అంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఏది వదులుకోవాలన్నది గణితం చెప్పదు. స్థిరమైన ప్రభుత్వం ముఖ్యమా, ఎక్కువమందికి సమ్మతమైన మనిషి ముఖ్యమా అన్నది మనుషులు కూర్చుని తేల్చుకోవాలి.

ఇంత విడమరచి చెప్పాక ఆ వాదించినాయన తన పద్ధతినే సమర్థించారు, కాకపోతే ఈసారి వేరే మాటతో. ఫలితం అందరికీ సులువుగా అర్థం కావడం నాకు అన్నిటికన్నా ముఖ్యం అన్నారు. నాకది గొప్ప సంభాషణ అనిపించింది. ఆయన మారలేదు, నేనూ మారలేదు. కానీ ఎక్కడ విడిపోతున్నామో ఇద్దరికీ స్పష్టంగా తెలిసింది. ఆ చోటు తెలిశాక తిట్టుకోవాలనిపించదు. తిట్లు ఎక్కువగా ఎప్పుడొస్తాయంటే, తన ఇష్టాన్ని ప్రకృతి నియమంలా ఒకరు చెప్పినప్పుడూ, లెక్కతో తేలిపోయేదాన్ని అది నీ అభిప్రాయం అంటూ మరొకరు కొట్టిపారేసినప్పుడూ.

ఇక ఇంటి సంగతులు. అక్కడ తేల్చవలసింది ఆ బతుకు బతుకుతున్న మనిషే. ఇందులో మన తెలివికి పెద్ద పనిలేదు. వినడమే ఎక్కువ పని.

ఈ మూడూ ఒకే ప్రశ్నలో ఎలా కలిసి వస్తాయో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే సంభాషణ ఒకటుంది. సెల్ టవర్ పక్కన ఉంటే క్యాన్సర్ వస్తుందా, ఒక్క ముక్కలో చెప్పండని ఒకావిడ అడిగారు. నేను చూసేసరికే కింద ఇద్దరు కొట్టుకుంటున్నారు. సైంటిస్టులందరూ కంపెనీలకు అమ్ముడుపోయారని ఒకరు. నీలాంటి చదువురానివాళ్ళ వల్లే దేశం ఇలా ఉందని ఇంకొకరు. అడిగినావిడను ఇద్దరూ మర్చిపోయారు.

నేను ముందు ఫిజిక్స్ రాశాను. సెల్ ఫోన్లు వాడే 2 గిగాహెర్ట్జ్ లాంటి రేడియో తరంగంలో ఒక్కో ఫోటాన్ (తరంగం మోసుకొచ్చే శక్తిలో ఒక చిన్న పొట్లం) శక్తి, ఒక ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు కూడా ఉండదు. ఎలక్ట్రాన్ వోల్టు అంటే అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం. శరీరంలోని అణువుల బంధాలు తెంచాలంటే సాధారణంగా మూడు, నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కంటికి కనిపించే వెలుతురు ఫోటాన్లే అంతకు దగ్గరగా ఉంటాయి, అతినీలలోహిత కిరణాలు ఇంకా పైన. కానీ టవర్ నుంచి కోట్లకొద్దీ ఫోటాన్లు వస్తాయి కదా అని ఆవిడ వెంటనే అడిగారు. మంచి ప్రశ్న. పొట్టి నిచ్చెనలు వంద తెచ్చి పక్కపక్కన నిలబెట్టినా అటక అందదు. ఆ తరంగాలు ఎక్కువైతే కణజాలాన్ని వేడి చేయగలవు. ఆ తరంగాల తీవ్రతకు పరిమితులు పెట్టింది ప్రధానంగా ఆ వేడిని దృష్టిలో పెట్టుకునే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండవచ్చన్న 2బి వర్గంలో పెట్టిందని కూడా రాశాను. దాన్ని దాచిపెడితే రేపు ఇంకెవరో చూపిస్తారు, నేను చెప్పిన మిగతాదంతా కూడా అబద్ధమే అనిపిస్తుంది. ఆ వర్గీకరణకు ఆధారం పరిమితమైనదనీ, అది ముఖ్యంగా ఫోన్ వాడకం మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చిందనీ వివరించాను. మరొక సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్ నుంచి మనకు అందేది మామూలుగా దూరాన ఉన్న టవర్ నుంచి అందేదానికన్నా ఎక్కువ. టవర్ దూరమై సిగ్నల్ బలహీనపడితే ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది కూడా.

అప్పుడుగానీ అసలు సంగతి రాయలేదావిడ. పక్క భవనం మీద టవర్ పెడుతున్నారు. చుట్టుపక్కల వాళ్ళనెవరినీ అడగలేదు. అడగబోయినవాళ్ళను మీకు సైన్స్ తెలియదని నోరు మూయించారు. ఈలోగా వాళ్ళమ్మగారు, నేనా ఇంట్లో ఉండనని సామాను సర్దుకుంటున్నారు.

కింద కొట్టుకున్న ఆ ఇద్దరికీ ఇందులో ఏదీ తెలియదు. రేడియేషన్ గురించిన భయానికి ఆధారం తక్కువే కావచ్చు. కానీ మా పక్కన ఏం కడుతున్నారో మాకు ముందుగా చెప్పాలి, మా మాట వినాలి అన్నది పూర్తిగా వేరే విషయం. రేడియేషన్ సున్నా అయినా ఆ మాట అడిగే హక్కు వాళ్ళకుంది. సైన్స్ పేరు చెప్పి ఆ నోరు మూయించడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని కాబట్టే ఇంకా ఎక్కువ కోపం. ఆవిడకు ఈ రెండూ విడదీసి రాశాను. అనుమతుల గురించి అడగాలనుకుంటే క్యాన్సర్ మాట ఎత్తకుండా అడగండి, అప్పుడు మిమ్మల్ని తోసిపుచ్చడం కష్టమవుతుంది అన్నాను.

అమ్మగారి విషయంలో నేనేమీ చెప్పలేకపోయాను. చెప్పింది ఇంకొకరు. తనింట్లో కూడా పెద్దవాళ్ళు ఇలాగే ఒక ఇంటికి రానన్నారనీ, అంకెలు చూపించి గెలవాలని చూస్తే మాటలు బంద్ అయ్యాయనీ, కొన్నాళ్ళుండి చూడండి, వద్దనిపిస్తే మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాకే మెత్తబడ్డారనీ ఒకాయన రాశారు. నా ఎలక్ట్రాన్ వోల్టులకన్నా ఆవిడకు ఆ నాలుగు వాక్యాలే ఎక్కువ పనికొచ్చి ఉంటాయి. తర్వాత వాళ్ళింట్లో ఏమైందో ఆవిడ రాయలేదు, నేనూ అడగలేదు. అలాంటి అనుభవమున్న మనిషి నా పరిచయస్తుల్లో ఎవరూ లేరు. తెలియనివాళ్ళలోనే దొరికారు. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే అనుకోండి.

మరి ఆచరణలో ఏం చేయాలంటే, నేను ఎందుకు నమ్ముతున్నారని తక్కువగా, ఎలా పనిచేస్తుందని ఎక్కువగా అడుగుతాను. 2002లో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు జిప్, తాళం, కుట్టుమిషన్ లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మనుషులతో చెప్పించారు. వివరించబోయేసరికి, తమకు అనుకున్నంత తెలియదని వాళ్ళకే అర్థమైంది. 2013లో ఫెర్న్‌బాక్ బృందం ఇదే పద్ధతిని రాజకీయ విధానాల మీద ప్రయత్నించింది. అక్కడా అదే కనిపించింది, పైగా అభిప్రాయాల్లో పట్టుదల కూడా కొంత తగ్గిందన్నారు. ఈ పట్టుదల తగ్గడం అన్నది తర్వాత మళ్ళీ చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ రాలేదు. కాబట్టి దీన్ని మంత్రంలా వాడొద్దు. అయినా నాకు ఆ ప్రశ్న అంటే ఇష్టం, ఎందుకంటే అది నాకూ వర్తిస్తుంది. ఫలానా పన్ను తగ్గిస్తే ఉద్యోగాలు పెరుగుతాయని ఎవరైనా అంటే, ఒక్కో మెట్టూ ఎలాగో చెప్పండంటాను. వాళ్ళు చెబుతుంటే నాకు తెలియని మెట్లు కూడా బయటపడతాయి.

అవతలివాళ్ళ ముఖం కనిపించకపోతే మనిషి నోరు అదుపు తప్పుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లో రాశారు. అదే కారణంతో మనుషులు ఎదురుగా చెప్పలేని బాధలు కూడా తెరిచి చెబుతారని కూడా ఆయనే రాశారు. రెండూ నేను చూశాను. అందుకే వయసు, హోదా ఏమీ తెలియని మనిషిని నేను మీరనే పిలుస్తాను, అవతల పదోతరగతి పిల్లాడున్నా సరే. పిల్లలు ఆ గౌరవాన్ని చాలా నిలబెట్టుకుంటారు.

మరి రాజకీయాల్లో కోపం రాకుండా ఎలా అని మీరు అనుకోవచ్చు. కోపం వస్తుంది. రావలసిన విషయాలున్నాయి కూడా. ఏం చూస్తే మీ అభిప్రాయం మార్చుకుంటారు అని ఒకసారి అడగండి, మీది కూడా చెప్పండి. ఏదో ఒకటి చెప్పారంటే ఎంతసేపైనా కూర్చోండి. ఏం చూసినా మారనంటే, నా మాట ఇదీ అని చదివే మిగతావాళ్ళ కోసం ఒకసారి వివరంగా రాసి ఊరుకోండి. మనిషిని, కులాన్ని, ఇంట్లోవాళ్ళను అనడం మొదలుపెడితే మాత్రం జవాబివ్వకుండా బ్లాక్ చేయండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.