తలుపు సెన్సర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తలుపులకూ కిటికీలకూ అంటించే, అవి తెరిస్తే ఫోనుకు కబురు పంపే సెన్సర్ల గురించే. మిక్సీలు, గీజర్ల వాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు తలుపు సెన్సర్ల పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ కొన్న హబ్బుకు (సెన్సర్ల కబురు అందుకుని ఫోనుకు చేరవేసే పరికరానికి) కలపబోతే అసలు కనిపించడం లేదు. మా సింహద్వారం రెండు రెక్కల టేకు తలుపు, దాని ముందు ఇనుప గ్రిల్లు గేటు. ఎక్కడ బిగించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బిగించడం తరువాత, ముందు పెట్టె మీద ఏమి రాసి ఉందో చూడండి. సెన్సరూ హబ్బూ రేడియో ద్వారా మాట్లాడుకుంటాయి, ఆ రేడియోలో రకాలు ఉన్నాయి. ‘జడ్-వేవ్’ అనే రకం ఉంటే మీ శ్రమ వృథా. ఆ రేడియో అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, మన దేశానికి కేటాయించినది 865 దగ్గర. మీ సెన్సర్ పిలిచే పిలుపు మీ హబ్బు చెవిన పడదు. అబ్బాయి చేత అక్కడి హబ్బు కూడా తెప్పిద్దామని అనుకుంటారేమో, వద్దు. 908 అన్నది ఇక్కడ మొబైల్ ఫోన్ల కంపెనీలకు ఇచ్చిన పరిధిలో పడుతుంది. పెట్టెను తిరుగు ప్రయాణంలో అబ్బాయి సామానులోనే పెట్టి పంపండి.

‘జిగ్‌బీ’ అనే మరో రకం ఉంటే మాత్రం ఆశ ఉంది. అది 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, ఆ పరిధి డాలస్‌లోనైనా కాకినాడలోనైనా ఒకటే. మీ హబ్బు కూడా జిగ్‌బీదే అయి ఉండాలి సుమా. బ్యాటరీకి అడ్డంగా ఉండే పలుచని ప్లాస్టిక్ పట్టీ లాగేశారా? చాలామంది దాన్ని మరిచిపోయే నాకు ఉత్తరం రాస్తారు. ఆ తరువాత సెన్సర్ మీది చిన్న బటన్‌ను, దీపం మినుకుమినుకుమనే దాకా నొక్కి పట్టుకోండి. హబ్బు పక్కనే కూర్చుని కలపండి, కలిశాకే తలుపు దగ్గరికి తీసుకువెళ్లండి.

ఇక తలుపు సంగతి. ఈ పరికరంలో రెండు ముక్కలు ఉంటాయి. చిన్నది ఉత్త అయస్కాంతం. పెద్దదానిలో, చాలా కంపెనీల వాటిలో, సన్నని గాజు గొట్టం, అందులో ఒకదానికొకటి తాకీ తాకనట్టుగా రెండు లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరికి వస్తే రేకులు అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ దీన్ని కనిపెట్టింది 1936లో. టెలిఫోన్ శాఖలో రిలేల (అయస్కాంతంతో కలిసి విడిపోయే స్విచ్చుల) మధ్య ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి కనుక ఈ గాజు గొట్టమంటే నాకు కాస్త పక్షపాతం. కొత్త కొత్త యాప్‌లన్నీ ఇంకా దాని మీదే ఆధారపడి బతుకుతున్నాయి.

అయితే దానికి తెలిసింది ఒక్కటే: అయస్కాంతం దగ్గర ఉందా, లేదా. గొళ్లెం పడిందో లేదో, తాళం వేశారో లేదో దానికి పట్టదు. ఫోనులో ‘మూసి ఉంది’ అని చూసి నిశ్చింతగా పడుకోకండి. చేరవేసిన తలుపూ మూసిన తలుపే దాని లెక్కలో.

మీది రెండు రెక్కల తలుపు కాబట్టి అందరిలాగా ద్వారబంధానికి ఒక ముక్క, రెక్కకు ఒక ముక్క అంటిస్తే రెండో రెక్కకు కాపలా ఉండదు. మీరు సెన్సర్‌ను ఒక రెక్కకూ అయస్కాంతాన్ని రెండో రెక్కకూ, లోపలివైపు, పై అంచున, పక్కపక్కనే అంటించండి. ఏ రెక్క తీసినా రెండూ విడిపోతాయి, ఒక్క సెన్సర్‌తో పని జరిగిపోతుంది. రెక్కలు కలిసేచోట నిలువు పట్టీ అడ్డం వస్తే పల్లంగా ఉన్న వైపు చిన్న చెక్కముక్క పెట్టి ఎత్తు సరిచేయండి. అడుగున మాత్రం పెట్టకండి. గడప కడగడం, పసుపు రాయడం మానరు కదా, ఆ నీళ్లన్నీ దాని మీదే పడతాయి. ఇనుప గేటుకు అసలే వద్దు. అయస్కాంతపు బలాన్ని ఇనుము తనవైపు లాగేసుకుంటుంది, పైగా మీ ఊరి ఉప్పుగాలి.

ప్రశ్న: అద్దె ఫ్లాటులో జరిపే కిటికీకి సెన్సర్ పెట్టాను. మూసినా ‘తెరిచి ఉంది’ అనే చూపిస్తోంది. మేకులు కొట్టడానికి ఇంటి యజమాని ఒప్పుకోరు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మేకులతో పనే లేదు. మీ ఇబ్బంది ఎడం వల్ల వచ్చింది. చాలా సెన్సర్లకు రెండు ముక్కల మధ్య ఒకటిన్నర, మహా అయితే రెండు సెంటీమీటర్లకు మించి దూరం ఉండకూడదు. మీది ఎంతో దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. రెండు ముక్కల మీదా చిన్న గీతో బాణం గుర్తో ఉంటుంది, అవి ఎదురెదురుగా రావాలి. జరిపే కిటికీలో రెక్క లోపలి పట్టాలోనూ చట్రం ముందుకూ ఉంటాయి కనుక ముక్కలు ఒకే మట్టంలో ఉండవు, అసలు చిక్కు అక్కడే. దోమతెర రెక్కను కూడా ఒకసారి జరిపి చూడండి, అయస్కాంతాన్ని గీరుకుంటూ పోతుందేమో.

ముందు మామూలు టేపుతో తాత్కాలికంగా నిలిపి, పదిసార్లు తీసి వేసి, యాప్‌లో సరిగ్గా చూపిస్తున్నదని తేలాకే అసలు జిగురు పట్టీ అంటించండి. అంతకు ముందు చట్రాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వెచ్చజేసి, గట్టి దారాన్ని వెనకగా రంపంలా లాగితే మచ్చ పడకుండా ఊడి వస్తుంది.

ప్రశ్న: హబ్బు అక్కరలేని వైఫై సెన్సర్ కొన్నాను. యాప్ చివరి దాకా వెళ్లి విఫలమవుతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇలాంటి సెన్సర్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. మీ రూటరు 2.4కూ 5కూ ఒకే పేరు పెట్టి ఉంటుంది, ఫోను 5 మీద కూర్చుంటుంది. రూటరు సెట్టింగులలో 5ను కాసేపు ఆపి కలపండి, తరువాత మళ్లీ వేసుకోవచ్చు. వైఫై సెన్సర్ బ్యాటరీని ఎక్కువ తింటుందని కూడా తెలిసి ఉండండి.

ప్రశ్న: గుంటూరులో మా నాన్నగారు ఒంటరిగా ఉంటారు. పొద్దున ఎనిమిదింటిలోగా వీధి తలుపు తీయకపోతే నాకు సందేశం వచ్చేలా చేయవచ్చా? ఆయనకు చెప్పకుండా పెట్టాలని ఉంది, చెబితే నొచ్చుకుంటారు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చేయవచ్చు. ‘ఫలానా వేళ వరకు తలుపు తెరవకపోతే’ అనే షరతు కొన్ని యాప్‌లలో నేరుగా ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కొనే ముందే కనుక్కోండి. చెప్పకుండా పెట్టడానికి మాత్రం నేను సాయం చేయను. ఆయన ఇంటి తలుపు అది. ఎప్పుడు బయటికి వెళ్లారో, ఎన్నింటికి వచ్చారో కూతురి ఫోనులో నమోదవుతున్నదని మరొకరి నోట విన్న రోజున ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు. అడిగి చూడండి. వీధి తలుపు వద్దంటే ఫ్రిజ్ తలుపుకు పెట్టించుకోవడానికి ఒప్పుకోవచ్చు. పొద్దున కాఫీకి పాలు తీయని రోజు ఉండదు కదా, మీకు కావలసిన కబురు అక్కడా అందుతుంది. అయితే ఫ్రిజ్ పైరేకు ఇనుముదైతే ఎడం ఇంకా తక్కువ ఉండాలి. ఎదురింటివారి నంబరు మీ దగ్గర లేకపోతే ముందు అది సంపాదించండి. సందేశం వచ్చాక మీరు బెంగళూరు నుంచి చేయగలిగింది వాళ్లకు ఫోను చేయడమే.

ప్రశ్న: కరెంటు పోతే ఇవి పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సెన్సర్ బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది, దాని మాట వినేవాళ్లే ఉండరు. హబ్బు, రూటరు, గోడకు ఉన్న ఫైబరు పెట్టె, మూడూ వెలుగుతుంటేనే మీ ఫోనుకు కబురు వస్తుంది. ఇన్వర్టర్ లైనులో ఆ మూడింటినీ వేయండి. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ల కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ల మీద 12 వోల్టులని ఉందో 5 వోల్టులని ఉందో చూసి కొనండి, హబ్బుకూ రూటరుకూ చాలాసార్లు అది వేరుగా ఉంటుంది.